వింటేజ్ పోర్ట్ తయారీలో ఒక కుటుంబం పాటించే పద్ధతి: తరచుగా అడిగే ప్రశ్నలు

పోర్చుగల్ ఉత్తర భాగాన డోరో నది లోయలో పండిన ద్రాక్షతో చేసినదాన్నే పోర్ట్ అంటారు. ఆ లోయలో ఐదు తరాలుగా ఇదే వృత్తిలో ఉన్న సిమింగ్టన్ కుటుంబాన్నీ, వారి ఆధీనంలో ఉన్న కింటా దొ వెజూవియో అనే తోటనూ ఉదాహరణగా తీసుకొని, వింటేజ్ పోర్ట్ గురించి తరచుగా ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ‘కింటా’ అంటే ద్రాక్ష తోట, ఇల్లు, వైన్‌శాల అన్నీ కలిసిన ఎస్టేట్.

వింటేజ్ పోర్ట్‌కూ మిగిలిన పోర్ట్‌లకూ తేడా ఏమిటి?

పులుస్తున్న ద్రాక్షరసంలో ద్రాక్ష సారా పోసి, పులియడాన్ని మధ్యలోనే ఆపేస్తే రసంలోని తీపి కొంత మిగిలిపోతుంది. ఆ తీపి, ఘాటు కలిసిన వైనే పోర్ట్. అందులో పదేళ్లు, ఇరవై ఏళ్లు, నలభై ఏళ్లు చెక్క పీపాల్లోనే ఉండి, ఎరుపు వెలిసి గోధుమ వన్నెకు తిరిగినదాన్ని టానీ అంటారు. వింటేజ్ పోర్ట్ దారి పూర్తిగా వేరు. ఒకే సంవత్సరపు పంటలో అత్యుత్తమమైన కొద్ది భాగాన్ని ఎంచి, పెద్ద చెక్క తొట్లలో రెండేళ్లకు కాస్త అటూ ఇటూగా మాత్రమే ఉంచి, వడకట్టకుండానే సీసాల్లో నింపుతారు. కోత తర్వాత రెండో ఏడాదికీ మూడో ఏడాదికీ మధ్య సీసా నింపడం పూర్తి కావాలన్నది నిబంధన. ఆ తర్వాత అది ముదరవలసింది సీసాలోనే, అదీ దశాబ్దాల తరబడి. పేరు దగ్గరగా ఉండే ‘లేట్ బాటిల్డ్ వింటేజ్’ నాలుగు నుంచి ఆరేళ్లు చెక్కలో ఉండి వస్తుంది కనుక, అందులో చాలా సీసాలు కొన్న రోజే తాగడానికి సిద్ధంగా ఉంటాయి. దుకాణంలో ఈ రెండింటినీ ఒకటే అనుకొని మోసపోయామని బాధపడేవారు తరచుగా కనిపిస్తారు. నిజానికి అక్కడ మోసమేమీ లేదు, లేబుల్ సరిగ్గా చదవకపోవడమే ఉంది.

గోవాలో ‘పోర్ట్ వైన్’ పేరుతో దొరికేది ఇదేనా?

కాదు. తక్కువ ధరకు దొరికే ఆ తీపి ఎర్ర వైన్ మన దేశంలో తయారయ్యేదే. పేరు తప్ప డోరో లోయతో దానికి సంబంధం లేదు. ఐరోపాలో ఆ లోయ బయట చేసిన వైన్‌కు పోర్ట్ అని పేరు పెట్టి అమ్మడం చట్టరీత్యా కుదరదు.

వెజూవియో తోటకు అంత ప్రత్యేకత ఎందుకు వచ్చింది?

డోరో లోయకు హద్దులు గీసింది 1756లో, అప్పట్లో పోర్చుగల్‌ను నడిపిన మంత్రి పొంబాల్ మార్క్విస్ హయాంలో. ఏ పొలం ద్రాక్ష మేలైనదో గుర్తించి అక్కడక్కడా గ్రానైటు రాళ్లు పాతించారు. ఆ రాళ్లలో కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. వెజూవియో మాత్రం అప్పటి హద్దులకు ఎగువన, స్పెయిన్ దిక్కుగా, జనసంచారం తక్కువగా ఉన్న కొండల్లో ఉంది. 1823లో ఆంతోనియో బెర్నార్దో ఫెరేరా ఆ భూమి కొని, 1827లో అక్కడ ఎనిమిది గ్రానైటు తొట్లతో వైన్‌శాల కట్టించాడు. తర్వాత అది పోర్ట్ చరిత్రలో అందరికంటే పేరు మోసిన మహిళ దోనా ఆంతోనియా అదిలైడ్ ఫెరేరా (1811-1896) చేతికి వచ్చింది. 1861 మే నెలలో ఆమె ఈ తోట నుంచే పడవలో దిగువకు వెళ్తుండగా వలైరా సుడుల దగ్గర పడవ తలకిందులైంది. వెంట ఉన్న ఆంగ్లేయ పోర్ట్ వ్యాపారి బారన్ ఫారెస్టర్ నీట మునిగి చనిపోయాడు, ఆమె బతికి బయటపడింది. ఆమె తొడుక్కున్న బుట్టలాంటి పెద్ద గౌనే ఆమెను నీటి మీద తేల్చిందనీ, నడుముకు కట్టుకున్న డబ్బు సంచి అతన్ని ముంచిందనీ అక్కడివారు చెప్పుకుంటారు. ఫారెస్టర్ పోర్ట్‌లో సారా కలపకూడదని గట్టిగా వాదించినవాడు. ఆ వాదన నెగ్గి ఉంటే ఈ పేజీకి అవసరమే ఉండేది కాదు.

1882లో స్కాట్లండ్ నుంచి వచ్చిన ఆండ్రూ జేమ్స్ సిమింగ్టన్ సంతతి 1989లో ఈ తోటను కొన్నారు. గ్రాహమ్, డావ్, వార్, కాక్‌బర్న్ అనే పేరున్న పోర్ట్‌లు కూడా ఈ కుటుంబానివే. అయితే వెజూవియో పేరుతో వచ్చే వింటేజ్ పోర్ట్ ఒకే తోట ద్రాక్షతో, ఆ తోటలోనే, కాళ్లతో తొక్కి చేసింది. అందువల్ల ఒక పంట ఎలా సీసా దాకా వస్తుందో మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ స్పష్టంగా చూడవచ్చు.

ఆ నేలలో ఏముంది?

నిజానికి అక్కడ మట్టి అనదగినది పెద్దగా లేదు. పలకలు పలకలుగా చీలే షిస్ట్ రాయి ఉంటుంది. ఆ పలకల సందుల్లోంచి తీగ వేళ్లు అనేక మీటర్ల లోతుకు దిగి, శీతాకాలపు వానల నుంచి దాచుకున్న తేమను వెతుక్కుంటాయి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం అన్నది ఆ లోయలో పాత సామెత. రెంటచింతల ఎండలు తెలిసినవారికి ఇందులో వింత కనిపించకపోవచ్చు గానీ, ఆ ఎండలో నీటి తడి దాదాపు లేకుండా కాసే తీగ మీద ఒక కిలో, మహా అయితే ఒకటిన్నర కిలోల ద్రాక్ష మాత్రమే వస్తుందన్నది గమనించాలి. గింజ చిన్నది, తొక్క మందం. రంగూ, వగరూ, వాసనా ఉండేది తొక్కలోనే కాబట్టి వైన్‌మేకర్‌కు కావలసింది కూడా అదే.

కోత ఎప్పుడు మొదలుపెట్టాలో ఎలా నిర్ణయిస్తారు?

చక్కెర శాతం కొలిచే పరికరాలు ఉన్నాయి, వాటిని వాడతారు కూడా. అయినా వైన్‌శాల బాధ్యత చూసే ఛార్ల్స్ సిమింగ్టన్ లాంటివారు కోత దగ్గరపడే వారాల్లో చేను వెంట చేను నడిచి గింజలు నమిలి చూస్తారు. విత్తనం పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరిగిందా, పంటికింద పటుక్కుమంటోందా, తొక్క వగరు నాలుకను పట్టి లాగడం మాని మెత్తబడిందా అన్నది యంత్రం చెప్పదు. చక్కెర ముందే పెరిగిపోయి తొక్క ఇంకా పచ్చిగా ఉండిపోవడం వేడి సంవత్సరాల్లో పెద్ద చిక్కు.

వెజూవియో నది ఒడ్డు నుంచి కొండ మీదికి దాదాపు 500 మీటర్ల ఎత్తు దాకా పాకి ఉంటుంది. కింది చేలు పండాక పై చేలు పండడానికి ఇంకా సమయం పడుతుంది. రకాల మధ్య కూడా తేడా ఉంది. తూరీగా నసియొనాల్ కాపు తక్కువ, గింజ చిన్నది, పూల వాసనతో కూడిన గాఢమైన రసం ఇస్తుంది. తూరీగా ఫ్రాంకా ఆలస్యంగా పండుతుంది, ఎండ ఎంత కాస్తే అంత బాగుంటుంది. ఈ రెండూ వింటేజ్ పోర్ట్‌కు వెన్నెముక వంటివి. కోసేవాళ్లను ఈ రోజు ఏ చేనుకు పంపాలి, ఏ రకంతో ఏ రకాన్ని కలిపి తొట్టిలో వేయాలి అన్న లెక్క రోజురోజుకూ మారుతుంది. సెప్టెంబరులో మబ్బు పడితే ఆ లెక్కే ఒత్తిడి అవుతుంది. వానకు ముందే కోసేస్తే తొక్క పచ్చిది, ఆగితే గింజ నీళ్లు తాగి ఉబ్బుతుంది. 2011లో ఆగస్టు చివరలోనూ సెప్టెంబరు మొదట్లోనూ కురిసిన వాన ఎండి వాడిన తీగలకు ఊపిరి పోసింది. ఆగి కోసినవారికి ఆ ఏడాది గొప్ప పంట దక్కింది. 1993లో మాత్రం కోత కాలం వానల్లోనే కొట్టుకుపోయింది.

నిజంగానే కాళ్లతో తొక్కుతారా?

తొక్కుతారు. పర్యాటకులకు చూపడానికి ఏర్పాటు చేసిన తంతు కాదు. తొట్టి మోకాలి ఎత్తుకు కాస్త పైదాకా ఉండే, నలుచదరపు గ్రానైటు కట్టడం, దాన్ని లగార్ అంటారు. పగలంతా కోసిన ద్రాక్షతో అది నిండాక, రాత్రి భోజనాలయ్యాక తొక్కేవాళ్లు కాళ్లు కడుక్కొని పొట్టి లాగులతో దిగుతారు. మొదటి రెండు గంటలను ‘కోర్త్’ అంటారు, అంటే కత్తిరింపు అని. వరుసగా నిలబడి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకొని, ఒకడు ‘ఎడమ, కుడి’ అని పిలుస్తుంటే ఆ లయకు సరిగ్గా అడుగులు వేస్తూ తొట్టి ఒక చివర నుంచి మరో చివరకు అంగుళం అంగుళం కదులుతారు. మొదట్లో చల్లటి గట్టి గింజల్లో కాలు దిగదు. గంట గడిచేసరికి అది తొడల దాకా పట్టే గోరువెచ్చని ఊదా రంగు జావలా మారుతుంది. ఆ తర్వాత ‘లిబెర్దాద్’, అంటే స్వేచ్ఛ. వరుస విడిచి, అకార్డియన్ పాటకు ఎవరి ఇష్టానికి వాళ్లు చిందులు వేస్తూ తొక్కుతారు. వరినాట్ల పాట లాంటిదే ఇదీ, పని బరువును పాట మోస్తుంది.

ఇందులో శాస్త్రం కూడా ఉంది. పోర్ట్‌లో రసం తొక్కలతో కలిసి ఉండేది రెండు మూడు రోజులే. అదే తీపి లేని మామూలు ఎర్ర వైన్‌లో అయితే రెండు మూడు వారాలు ఉండవచ్చు. ఇంత తక్కువ సమయంలో రంగునూ, వగరునిచ్చే టానిన్‌నూ రాబట్టాలంటే తొక్కలను గట్టిగా, ఎడతెరిపి లేకుండా నలపాలి. అలాగని విత్తనం చితకకూడదు, చితికితే చేదు దిగుతుంది. మనిషి అరికాలు తొక్కను చిదుముతుంది, విత్తనాన్ని వదిలేస్తుంది. పైగా తొట్టి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ కావడంతో తొక్కలన్నీ రసంతో కలిసే ఉంటాయి.

మరి యంత్రాలు ఆ పని చేయలేవా?

చేయగలవు. ఇదే కుటుంబం 2000 ప్రాంతంలో స్టీలు తొట్లలో సిలికాన్ ‘పాదాల’తో తొక్కే యంత్రాలను తయారు చేయించి తమ ఇతర వైన్‌శాలల్లో వాడుతోంది. పల్లెల్లో కూలీలు దొరకడం కష్టమైపోయింది, యంత్రానికి రాత్రి రెండింటికైనా నిద్ర రాదు, వేడిని అదుపు చేయడం కూడా సులువు. వాటితో చేసిన పోర్ట్‌లు లోకువైనవేమీ కావు, కాలే మేలు అనే వాదనను నేను పూర్తిగా ఒప్పుకోను. వెజూవియోలో మాత్రం పాత తొట్లనూ మనుషులనూ అలాగే ఉంచారు.

సారా ఎప్పుడు, ఎంత పోస్తారు?

మొత్తం పనిలో వెనక్కి తీసుకోలేని నిర్ణయం ఇదే. రసంలోని చక్కెరలో దాదాపు సగం ఆల్కహాల్‌గా మారిన క్షణంలో తొట్టి నుంచి రసాన్ని తీసి, 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారాను కలుపుతారు. దాన్ని పోర్చుగీసులో ‘అగ్వార్దెంత్’ అంటారు, మండే నీళ్లు అని అర్థం. ఆ ఘాటుకు ఈస్ట్ చచ్చిపోయి పులియడం ఆగిపోతుంది. వెనకటి లెక్క 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా, మొత్తం 550 లీటర్లు. ఆ 550 లీటర్లే ఒక ‘పిపా’. మనం వాడే ‘పీపా’ అన్న మాట ఓడలెక్కి వచ్చింది అక్కడి నుంచే. కలిపాక ఆల్కహాల్ సుమారు 20 శాతానికి చేరుతుంది, లీటరుకు దాదాపు 100 గ్రాముల చక్కెర మిగులుతుంది.

పులియడం జోరుగా ఉన్న తొట్టిలో గంట గంటకూ తీపి తగ్గిపోతూ ఉంటుంది. రెండు గంటలు ఆలస్యమైతే వైన్‌లో తీపి పోతుంది, తొందరపడితే సిరప్ అవుతుంది. కోత రోజుల్లో వైన్‌మేకర్ తొట్టి పక్కనే కునుకు తీయడానికి కారణం ఇదే. సారా నాణ్యత కూడా చిన్న విషయం కాదు. సీసాలో అయిదో వంతు అదే కదా. 1992 దాకా సారాను ఎక్కడ కొనాలో ప్రభుత్వ ఏజెన్సీ నిర్ణయించేది. ఆ తర్వాత తయారీదారులు తామే రుచి చూసి, వాసన సోకని శుభ్రమైన సారాను ఎంచుకోవడం మొదలైంది. గత మూడు దశాబ్దాల పోర్ట్‌లు చిన్న వయసులోనే ఇంత పొందికగా ఉండడానికి వాతావరణం కంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

కోత అయిపోయాక రెండేళ్ల పాటు ఏం చేస్తారు?

రుచి చూస్తారు, తీసివేస్తారు. ఒక కోత ముగిసేసరికి చేనుకొకటి, తొట్టికొకటి చొప్పున ఎన్నో విడి వైన్‌లు వైన్‌శాలలో ఉంటాయి. శీతాకాలంలో కదిలించకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. వసంతంలో మొదటిసారి వరుసగా గ్లాసుల్లో పోసి, పేర్లు కనపడకుండా అంకెలు మాత్రం వేసి చూస్తారు. మొదటి చలికాలంలో మెరిసిన వైన్ ఏడాది తిరిగేసరికి నీరసపడవచ్చు, మొరటుగా మూసుకుపోయి ఉన్నది మెల్లగా తెరుచుకోవచ్చు. అందుకే ఒకసారి కాదు, ఆ రెండేళ్లలో అనేకసార్లు చూసి, నిలబడనివాటిని ఒక్కొక్కటిగా పక్కకు తప్పిస్తారు. పక్కకు తప్పించినవి పారబోసేవేమీ కావు, లేట్ బాటిల్డ్‌కో, రూబీ అనే మామూలు ఎర్ర పోర్ట్‌కో, టానీకో వెళ్తాయి. వింటేజ్ పోర్ట్ గొప్పతనం తొట్టిలో కంటే ఈ రుచి చూసే గదిలోనే తేలుతుంది. తొక్కడం, సారా పోయడం లోయలో ఎంతోమంది బాగా చేస్తారు. తమ చేతులతో పండించిన మంచి వైన్‌ను చూసి ‘ఇది చాలదు’ అని పక్కన పెట్టగలిగేవారు తక్కువ.

కొత్త చెక్క వాసన అంటకూడదని పాత తొట్లనే వాడతారు. మిశ్రమాన్ని నిర్ణయించేటప్పుడు, ముప్పై ఏళ్లు బతకడానికి కావలసిన టానిన్ ఉందా, ఆ టానిన్‌ను మోయగల పండు ఉందా, రెండింటి మధ్య పులుపు నిలబడిందా అని చూస్తారు. అలా మిగిలిన కొద్ది పీపాలే వింటేజ్ అవుతాయి.

‘డిక్లరేషన్’ అంటే ఏమిటి? ఎవరు చేస్తారు?

ఒక సంవత్సరపు పంటతో వింటేజ్ పోర్ట్ విడుదల చేస్తున్నామని తయారీదారు ప్రకటించడమే డిక్లరేషన్. ముందుగా నమూనాలు డోరో, పోర్టో వైన్ల సంస్థకు పంపాలి. అక్కడి రుచి నిపుణులు ఒప్పుకుంటే తప్ప సీసా మెడ మీద హామీ ముద్ర పడదు. ప్రకటన మాత్రం ఆ పోర్ట్ ‘ఇంటి’, అంటే తయారీ సంస్థ నిర్ణయం. చాలామంది కోత తర్వాత రెండో వసంతంలో, సెయింట్ జార్జ్ దినమైన ఏప్రిల్ 23న ప్రకటించడం ఆనవాయితీ. పదేళ్లలో మూడుసార్లకు మించి ప్రకటించకపోవడం పాత ఇళ్ల అలవాటు.

మంచి సంవత్సరం ఏదో అందరూ ఒప్పుకుంటారా?

ఎప్పుడూ కాదు. సిమింగ్టన్‌లు 1991ని ప్రకటించారు. పొరుగున ఉన్న టేలర్, ఫోన్సెకా ఇళ్లు 1992ను ఎంచుకున్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి తాగే పోర్ట్ ప్రియులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. 1931లో పంట అద్భుతం, కానీ ఆర్థిక మాంద్యం, 1927 సీసాలే గోదాముల్లో పేరుకుపోయి ఉన్నాయి. అందువల్ల దాదాపు అందరూ ఆ ఏడాదిని వదిలేశారు. ప్రకటించిన కొద్దిమందిలో ఒకటైన కింటా దొ నొవాల్ పేరు ఆ ఒక్క సీసాతో ప్రపంచమంతా వెళ్లింది. ఇంకోవైపు 2016, 2017 రెండింటినీ వరుసగా ప్రకటించడం చాలా అరుదైన సంగతి. 2017లో కరువు వల్ల కోత ఆగస్టులోనే మొదలైంది, అంత త్వరగా కోయడం ఎవరికీ అలవాటు లేదు.

ఇది కుటుంబం చేతిలో ఉండడం వల్ల తేడా ఏమైనా ఉందా?

కంపెనీలు కూడా గొప్ప పోర్ట్‌లు చేస్తాయి, అందులో సందేహం లేదు. తేడా ఓపికలో కనిపిస్తుంది. ఈ రోజు తీగ నాటితే మొదటి తరగతి వైన్ ఇవ్వడానికి దశాబ్దాలు పట్టవచ్చు. ఈ రోజు ప్రకటించిన సీసా అసలు రుచికి వచ్చేసరికి ప్రకటించినవాడు పని విరమించి ఉంటాడు. తాత దాచిన 1945ను తాగి పెరిగినవాడికి తన పేరు మీద వచ్చే సీసాను మనవలు తెరుస్తారన్న భయం ఉంటుంది. పక్కన పెట్టే గదిలో ఆ భయం పనికొస్తుంది.

మన ఊళ్లలో ఎలా దాచుకోవాలి?

చల్లగా, చీకటిగా, కదలకుండా. 12 నుంచి 15 డిగ్రీల మధ్య, సీసాను పడుకోబెట్టి ఉంచాలి. విజయవాడలోనో హైదరాబాదులోనో అల్మారాలో పెట్టి వేసవి గడిపితే బిరడా ఉబ్బి కారడం ఖాయం, వైన్ ఉడికిపోతుంది. ఉష్ణోగ్రత అదుపు చేసే వైన్ ఫ్రిజ్ లేనివారు, వింటేజ్ పోర్ట్ దాచే ఆలోచన మానుకొని తాగేందుకు సిద్ధమైన టానీ కొనుక్కోవడం మంచిది.

సీసా ఎలా తెరవాలి?

పాత సీసా అడుగున మడ్డి దట్టంగా ఉంటుంది. ఒక రోజు ముందే నిలబెట్టి ఉంచాలి. ఒకసారి రైలు ప్రయాణంలో తెచ్చిన సీసాను ఆ రాత్రే తెరిచి, చివరి గ్లాసులు కాఫీ పొడి కలిపినట్టు కావడం చూశాక నేను ఈ నియమం తప్పలేదు. ముప్పై ఏళ్లు దాటిన బిరడా సగంలోనే విరిగిపోవచ్చు. విరిగితే కంగారుపడకుండా పలుచని శుభ్రమైన బట్టలో వడకట్టవచ్చు. సీసా మెడ వెనక కొవ్వొత్తి వెలిగించి, సన్నటి ధారగా డికాంటర్ అనే గాజు కూజాలోకి వంచాలి. మెడ దగ్గర నల్లటి తీగలాంటి మడ్డి కనపడగానే ఆపేయాలి. వైన్ వాసన మొదట మూగగా ఉన్నా, రెండు మూడు గంటల్లో తెరుచుకుంటుంది. 16 నుంచి 18 డిగ్రీల దగ్గర తాగడం సరి. తెరిచిన పాత సీసాను రెండు రోజుల్లో ముగించాలి.

దేనితో తినాలి?

వాల్‌నట్లు, గట్టి పాత చీజ్, నీలం చారల స్టిల్టన్ చీజ్. మన మిఠాయిలతో వద్దు. కాకినాడ కాజా పక్కన పెడితే వైన్ తీపి తేలిపోయి వగరు మాత్రమే మిగులుతుంది.

పిల్లలు పుట్టిన సంవత్సరపు సీసా దాచాలనుకుంటున్నాను. ఆ ఏడాది ప్రకటించి ఉండకపోతే?

ముందుగా ఆ ఏడాదికి వెజూవియో లాంటి ఒకే తోట వింటేజ్ వచ్చిందేమో చూడండి. పెద్ద ఇళ్లు ప్రకటించని సంవత్సరాల్లో కూడా మంచి చేనుల నుంచి ఇవి వస్తుంటాయి, ధర కూడా తక్కువ. అదీ లేకపోతే కొల్యేటా అనేది అడగండి. ఒకే సంవత్సరపు పంటను కనీసం ఏడేళ్లు పీపాలో ఉంచి చేసే టానీ ఇది. పాప పెళ్లి నాటికి పాతిక ఏళ్ల కొల్యేటా కావాలంటే, ఇప్పుడు కొని దాచవలసిన పని లేదు. అది అప్పటిదాకా, పోర్టో నగరానికి ఎదురుగా నది అవతలి ఒడ్డున ఉన్న గాయా ఊరి గోదాముల పీపాల్లోనే ఉంటుంది, అప్పుడు సీసాలో నింపినది కొనుక్కోవచ్చు.